పుంజు కంటి మందు

"నిదానంగా చెప్పు, గొంతెందుకు అలగ లేస్తాది?" అంటాడు మా ఆయన త్రినాథ్, ఈ సంగతి నేను ఎవరితోనైనా చెప్పడం మొదలుపెడితే. ఏడాది దాటింది. నిదానంగా చెప్పడం నాకింకా రాలేదు. నేర్చుకోవాలని కూడా లేదు.

పోయినేడు ఉభాల కాలం, వరినాట్ల రోజులు. ఆషాఢం అంతా మొహం చాటేసిన వాన శ్రావణం మొదట్లో ఒక్కసారిగా కుమ్మరించింది. మాది శృంగవరపుకోట అవతల, కొండల దిగువన ఉన్న ఊరు. కొండ మీద పడిన నీళ్ళన్నీ మా మళ్ళల్లోకే దిగుతాయి. నారు ముదిరిపోతోందని ఊరు ఊరంతా ఒకేసారి నాట్లలో పడింది. వీధిలో బురద, పెరట్లో బురద, ఆఖరికి కోళ్ళగూట్లో కూడా బురద.

ఆ కోళ్ళు మా అత్త తాయారువి. యాభై ఆరేళ్ళ మనిషి. మా వైపు పెద్ద ఆడవాళ్ళలాగే అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. పొద్దున్నే నోట్లో ఆ చుట్టతోనే గూడు తలుపు తీసి, బయటికొచ్చిన కోడినల్లా పేరు పెట్టి తిట్టేది. పేర్లన్నీ ఊళ్ళో ఆడవాళ్ళవే. ఎవరింటి గింజలకో ఎగబడే పెట్టకి మా ఆడపడుచు పేరు. ఊరికే కెక్కెక్కుమని అరిచే నల్లపెట్టకి నా పేరు, భవాని. డిగ్రీ చదివానని, మాటకి మాట చెప్తానని.

మొత్తం పద్నాలుగు. పదమూడు అత్తవి. పద్నాలుగోది మావయ్యది. పందేల డేగ పుంజు. మా మావయ్య అప్పలసూరి అరుగు మీద కూర్చుంటే, ఆ పుంజు కాలికి తాడుతో పక్కనే నిలబడేది. నాలుగూళ్ళ నుంచి దాన్ని చూడ్డానికి మనుషులు వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళకి టీ పెట్టడం అత్త పని. పుంజుకి రాగులూ బాదంపప్పూ నానబెట్టడం కూడా అత్త పనే.

జబ్బు మొదట నల్లపెట్టకి వచ్చింది. కంటి కొసన సబ్బునురగలాంటిది కనిపించింది. తుమ్ముతూ తల విదిలించుకునేది. మర్నాటికి రెప్పలు వాచి, చెంప ఉబ్బి, కన్ను మూసుకుపోయింది. దగ్గరికెళితే కుళ్ళు వాసన.

"అమ్మోరు సోకినాదే," అంది అత్త. "గూటికి ఏపాకు కట్టు. పసుపునీల్లు జల్లు. ఏటీ అనకూడదు."

వేపాకు కట్టాను. మూడు రోజుల్లో మరో అయిదింటికి కళ్ళు మూసుకుపోయాయి. కళ్ళు కనిపించని కోడి గింజ ఎక్కడుందో తెలియక నేలంతా పొడుచుకుంటుంది. అది చూడలేం. అత్త ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని ముక్కు తెరిచి, నూక జావ పోసేది. అయినా రెండు చచ్చిపోయాయి.

"పెట్టలే కదా," అన్నాడు మావయ్య అరుగు మీద నుంచి. "పోతే మరో నాలుగు వస్తాయి. పుంజు కాడికి రానీకండి, అంతే."

ఆ మాటన్న రెండో రోజు పొద్దున పుంజు కుడికన్ను మూసుకుపోయింది.

ఆ రోజు మా ఇల్లు చూడాలి. పెద్ద మడిలో నాట్లకి పన్నెండుమంది ఆడవాళ్ళు దిగి ఉన్నారు. త్రినాథ్ నారు మోస్తున్నాడు. మావయ్య గట్టు మీద నిలబడి ఊరంతా వినబడేలా కేకేశాడు.

"ఒరే త్రినాథూ! పుంజు కన్ను మూసేసినాదిరా! బండి తియ్యి, కోట ఎల్లాల!"

"నాట్లు నాన్నా..."

"నాట్లు రేపేసుకోవచ్చు. పుంజు మల్లీ వస్తాదేటి?"

జోరువానలో బండి తీశారు. త్రినాథ్ నడిపాడు, మావయ్య వెనక కూర్చున్నాడు, పుంజు ఆయన ఒళ్ళో తువ్వాల్లో చుట్టుకుని. పుంజు తల మీద ప్లాస్టిక్ సంచి కప్పి, ఊపిరాడ్డానికి దానికి చిల్లు పెట్టింది మా అత్త. మూడు గంటల తర్వాత కళ్ళలో వేసే చుక్కల సీసా, నీళ్ళలో కలిపే పొడి పట్టుకుని వచ్చారు. పశువుల డాక్టరు కృపానిధి గారి నంబరు కూడా రాయించుకొచ్చారు.

పెట్టల సంగతి వాళ్ళు అడగలేదు. అందుకని నేనే ఆయనకి ఫోన్ చేశాను. విసుక్కోకుండా పావుగంట చెప్పారు.

"అమ్మవారు కాదమ్మా. అదయితే జుట్టు మీద, కళ్ళ చుట్టూ పొక్కులు లేస్తాయి. ఇది కోళ్ళకి వచ్చే జలుబు. ఒకదాని నీళ్ళు ఇంకోటి తాగితే అంటుకుంటుంది. జబ్బువాటిని వేరే గంప కింద పెట్టండి. ఒక పని చెయ్యండి, మీ గూట్లో తల పెట్టి గట్టిగా ఊపిరి పీల్చండి. మీ కళ్ళు మండితే వాటి కళ్ళూ మండుతున్నట్టే."

తల పెట్టాను. కళ్ళలో కారం కొట్టినట్టయింది. పాముల భయానికి గూడు చుట్టూ టార్పాలిన్ బిగించేశాం, లోపల రెట్టంతా తడిసి ముద్దయి ఆవిరి కక్కుతోంది. ఆ రోజే మొత్తం గీకించి, బూడిదా ఊకా వేసి, గాలి ఆడేలా పైన తెరిచాను. ఉప్పేసిన గోరువెచ్చని నీళ్ళతో, గుడ్డపీలికతో రోజుకి మూడుసార్లు కళ్ళు కడిగేదాన్ని. రెప్ప కింద పసుపుపచ్చగా జున్నుముక్కలా గట్టిపడిన చీముని మెల్లగా బయటికి తీసేదాన్ని. అత్త పట్టుకునేది, నేను తీసేదాన్ని. మొదటిసారి వాంతి చేసుకున్నాను. నాలుగో రోజుకి అన్నం తిని మరీ ఆ పని చేశాను.

మొత్తం అయిదు పోయాయి. తొమ్మిది నిలబడ్డాయి. నల్లపెట్ట కన్ను తెరిచిన రోజున అత్త దాన్ని చంకలో పెట్టుకుని వీధి వీధంతా తిరిగింది.

"మా డిగ్రీ కోడలు డాట్రయిపోనాదర్రా! మీ కోల్లకేటైనా అయితే దీన్ని పిలవండి!"

నాకు గర్వంగా అనిపించింది. దాచడం ఎందుకు? పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆ ఇంట్లో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

పుంజుకి మాత్రం పెరట్లో వైద్యం కాదు, అరుగు మీదే. రోజుకి నాలుగుసార్లు చుక్కలు. మావయ్య పక్కన కూర్చుని చూసేవాడు. పట్టుకోవడం అత్త, వెయ్యడం నేను. వాపు సగం పైగా తగ్గింది, బలం తిరిగొచ్చింది దానికి. ఆరో రోజు పొద్దున అత్త దాన్ని మోకాళ్ళ మధ్య అదిమి, రెక్కల మీద చేతులేసి పట్టుకుంది.

"అలగ నొక్కకే! ఈకలు ఇరిగిపోతాయి! వొదులుగా పట్టుకో!" అని అరిచాడు మావయ్య.

అత్త వదులు చేసింది. పుంజు ఒక్క ఊపున లేచి రెక్కలు కొట్టింది, కాళ్ళు జాడించింది. అత్త మొహం చేతులతో కప్పుకుని వెనక్కి ఒరిగిపోయింది.

"ఏమైందత్తా?"

"ఏటీ నేదు. గోరు తగిలినాది."

నేను ఆమె చెయ్యి తీసి చూసేలోపే మావయ్య పుంజుని ఒడిసి పట్టుకున్నాడు. దాని కాలు ఎత్తి వెలుగులోకి తిప్పాడు.

"రగతం ఉన్నాదే. గోరు ఇరిగినాదేటి?" తువ్వాలుతో తుడిచాడు, వేళ్ళు ఒక్కోటీ వంచి చూశాడు. "ఇరగనేదు. బతికించినావు అమ్మోరు తల్లీ."

అత్త ఎడమకంటి కింది రెప్ప చీరుకుంది. ఆ రక్తం చెంప మీదుగా జారుతోంది. నేను చెంగుతో అదిమాను. కాసేపటికి ఆగింది. "బేగి ఎల్లి పొయ్యి ముట్టించు, కూలోల్లకి గంజి ఎల్లాల," అంది అత్త.

రెండు రోజులకి ఆ కన్ను ఎర్రగా అయ్యి, నీళ్ళు కారడం మొదలుపెట్టింది. వెలుగు చూడలేకపోతోంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నేనే ఎత్తాను మాట.

"అత్తని కోట తీసుకెళ్ళి చూపించాలి. బాగా ఎర్రగా ఉంది."

త్రినాథ్ నా వైపు చూసి, వాళ్ళ నాన్న వైపు చూశాడు. మావయ్య పప్పన్నం కలుపుతున్నాడు.

"ఈ నాట్లలో కోట దాకా ఎవులు తీసుకెల్తారు? పుంజుకేసిన సుక్కలున్నాయి కదా గోడ గూట్లో. కన్ను కన్నే. దానికి తగ్గినాది, దీనికి తగ్గదేటి?" అని నవ్వాడు.

త్రినాథ్ కూడా నవ్వాడు. "మనింట్లోనే డాక్టరమ్మ ఉంది కదమ్మా. ఏయించుకో."

అత్త కూడా నవ్వేసింది. "నిజవే. ఓ సుక్క ఎయ్యే."

చెయ్యి కడుక్కుని, గోడ గూట్లోంచి సీసా తెచ్చాను. అత్త స్తంభానికి ఆనుకుని తల వెనక్కి వాల్చింది. కింది రెప్ప వేలితో లాగి పట్టుకుని చుక్క వేశాను. కంట్లోనే పడింది. అప్పటికి చెయ్యి తిరిగిపోయింది కదా.

"సల్లగున్నాదే," అంది అత్త.

నిజంగానే రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. నొప్పి కూడా తగ్గిందంది. "సూసినావా?" అన్నాడు మావయ్య నాతో, తనే కనిపెట్టినట్టు. పూటపూటకీ వేస్తూ పోయాను. అలా పద్నాలుగు రోజులు వేశాను.

పదో రోజో పదకొండో రోజో, నల్లగుడ్డు మీద బియ్యపుగింజంత తెల్లమచ్చ కనిపించింది. "మసగ్గా ఉన్నాదే, పొగ కమ్మినట్టు," అంది అత్త. త్రినాథ్‌కి చెప్పాను. "ఈ నాలుగు మళ్ళూ అయిపోనీ, ఆదివారం ఎల్దాం" అన్నాడు. ఆదివారం యూరియా వచ్చింది, దానికి వెళ్ళాడు. మచ్చ పెసరగింజంత అయింది. ఒకరోజు పొద్దున్న అత్త గూడు తలుపు తియ్యలేదు. లోపల కోళ్ళు అరుస్తున్నాయి. వెళ్ళి చూస్తే మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడూ నోరు మూయని మనిషి నోరు తెరవడం లేదు. తెరిస్తే కేక వస్తుందని.

ఎవరినీ అడగలేదు నేను. చీర మార్చి, బస్సెక్కించి, కోట దాటించి, విజయనగరం కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరు సుహాసిని గారు, నా వయసే ఉంటుంది. అత్త కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు.

"ఏం వేశారు ఇందులో?"

సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని తిప్పి చదివారు.

"ఎవరు రాశారిది?"

"పశువుల డాక్టరు గారండి. కోడికి."

"కోడికి వాడిన సీసానా? ఇదే సీసానా?"

"ఇదేనండి."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సీసా బల్ల మీద పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. కోడిగోరుతో పాటు మట్టీ రెట్టా కంట్లోకి వెళ్ళాయి, వాటితో బూజు వెళ్ళింది. ఈ చుక్కల్లో వాపు తగ్గించే మందు ఒకటి ఉంటుంది. అది పైకి ఎరుపు తగ్గించి, లోపల బూజుని బలంగా పెరగనిస్తుంది. నయమవుతోందని మేమనుకున్న రోజులన్నీ కన్ను లోపల తినేస్తూనే ఉంది.

"గోరు తగిలిన రోజే వచ్చి ఉంటే?" అని అడిగాను.

"వచ్చారు కదా ఇప్పుడు. చూద్దాం," అన్నారావిడ.

అత్తని వార్డులో ఉంచారు. గంటగంటకీ మందు. మర్నాడు మధ్యాహ్నానికి త్రినాథూ మావయ్యా వచ్చారు. రౌండ్సుకి వచ్చిన డాక్టరు మావయ్యని అడిగారు, "పెద్దవారు మీరు. కోడికి తెచ్చిన మందు మనిషికి వెయ్యమని ఎవరు చెప్పారండీ?"

"మాకేటి తెలుస్తాదమ్మా, మడిలో ఉంటే?" అన్నాడు మావయ్య. "ఆడోల్లు ఏదో ఏసుకున్నారు."

వార్డులో పద్దెనిమిది మంచాలు. నా గొంతు అన్నిటికీ వినబడింది.

"మీరే చెప్పారు మావయ్యా. పప్పన్నం తింటూ చెప్పారు. కన్ను కన్నే అన్నారు. నవ్వుతూ చెప్పారు."

త్రినాథ్ నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాగాడు. "ఇప్పుడు ఇవన్నీ అవసరమా? నలుగురిలో ఆయన పరువు..."

"మీ అమ్మ కన్ను గురించి మాట్లాడు."

"డాక్టర్లు చూస్తున్నారు కదే!"

అత్త మాత్రం మంచం మీద నుంచి నన్నే పిలిచింది. "ఊరుకోవే. ఆసుపత్రిలో అరవకూడదు." ఆ మాటకి నాకు మావయ్య మీదకన్నా అత్త మీద ఎక్కువ కోపం వచ్చింది. అరవాల్సిన మనిషి ఆమె.

ఇరవై రెండు రోజులు ఉన్నాం అక్కడ. కన్ను చిల్లు పడింది. జబ్బు లోపలికి పాకకుండా కన్ను తీసేశారు. సంతకం త్రినాథ్ పెట్టాడు. పేరు రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాడు. అది చూశాను, అయినా జాలి పడలేదు.

ఇంటికొచ్చేసరికి నాట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. పుంజు అరుగు మీద నిలబడి ఉంది. దాని కుడికన్ను నిప్పుకణికలా మెరుస్తోంది.

"వొచ్చినావా," అన్నాడు మావయ్య. "ఒక కన్ను ఉన్నాది కదా, పనులేటీ ఆగవులే. గుండె సెడగొట్టుకోకు." ఓదార్చాననే అనుకున్నాడు.

తర్వాతి వారం ఊళ్ళో పశువులకి గాలికుంటు టీకాలు వెయ్యడానికి కృపానిధి డాక్టరు గారు వచ్చారు. మా గేదెలకి వేసి, చేతులు కడుక్కుంటూ అత్త కట్టు చూసి అడిగారు. నేను చెప్పాను. ఆయన మగ్గు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. నీళ్ళు కాళ్ళ మీద కారిపోతున్నాయి.

"త్రినాథ్, నేను చెప్పాను కదయ్యా. చీటీ ఇస్తూ ఒకసారి, మీ నాన్న పుంజుతో చూరు కింద ఆగి ఉండగా, నువ్వు బండి తీస్తుంటే గేటు దగ్గరికొచ్చి ఇంకోసారి. పల్లెల్లో ఇలా వాడేస్తారు, మనుషుల కళ్ళలో మాత్రం వెయ్యనివ్వొద్దని."

త్రినాథ్ నేల చూశాడు. "వాన సార్... పుంజు గొడవలో... మర్చిపోయాను."

ఆయన బండి వీధి మలుపు తిరిగేదాకా ఆగాను.

"నేను సీసా పట్టుకొచ్చినప్పుడు అక్కడే ఉన్నావు నువ్వు. 'ఏయించుకో' అన్నావు."

"గుర్తు లేదు భవానీ. నిజంగా గుర్తు లేదు."

"అప్పుడు గుర్తు లేదా? మరి మచ్చ వచ్చాక? ఆసుపత్రిలో సంతకం పెట్టినప్పుడు?"

త్రినాథ్ గేదె పలుపు విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. అది చూస్తేనే నాకు తెలిసిపోయింది. ఎప్పుడో ఒకప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, నోరు మూసుకున్నాడు. చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టాను. అది సొట్టపడి దొర్లుతూ అత్త కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె వంగి, చేత్తో తడుముతూ దాన్ని తీసింది. ఒక కంటికి దూరం తెలీదు. మొదటిసారి చెయ్యి జానెడు పక్కకి పడింది. చెంబు బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు మా ఇంట్లో నా గొంతు ఒక్కటే. ప్రతి మాటకీ అరిచాను. మావయ్య అరుగు మీద నుంచి లోపలికి రావడం మానేశాడు. అత్త మాత్రం పలక్కుండా తన పని తాను చేసుకుంది. అయిదో రోజు పొద్దున పెద్ద గిన్నె తియ్యలేదు. చిన్న గిన్నెలో ఒక మనిషికి సరిపడా అన్నం వండుకుని, తిని, గిన్నె కడిగి బోర్లించింది. నాకూ త్రినాథ్‌కీ నేను వండాను. మావయ్యకి ఎవరూ వండలేదు. ఆ రోజు టీకొట్టు దగ్గర బన్ను తిన్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజుకి ఊరంతా తెలిసింది.

అప్పుడు వచ్చింది అసిరమ్మ పెద్దమ్మ, మావయ్య అక్క. పక్క ఊరు. డెబ్బయ్యికి దగ్గర పడ్డా మాటలో ఏ మాత్రం వణుకు లేదు. అరుగు మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి, త్రినాథ్‌నీ నన్నూ పిలిచి, అత్తని ఎదురుగా నిలబెట్టింది.

"ఏటే తాయారూ, ఇదేటి పద్దతి? ఒక కన్ను పోనాదని మొగుణ్ణి పస్తులుంచుతావేటి? ఆడు కావాలని సేసినాడా? కోడి గీరినాది. నుదుట రాసి ఉన్నాది."

"పస్తేటి ఒదినా?" అంది అత్త. "బియ్యం డబ్బాలో ఉన్నాయి. పొయ్యి ఉన్నాది. ఆయనకి రెండు కల్లూ ఉన్నాయి."

పెద్దమ్మ ఏదో అనబోయింది. అత్త ఆగలేదు. గొంతు పెంచలేదు కూడా. తల పూర్తిగా తిప్పి, ఉన్న కంటితో మావయ్యని చూసింది.

"కోడికాలికి రగతం అంటితే సూసినావు. ఏలు ఏలూ వొంచి సూసినావు. తువ్వాలెట్టి తుడిసినావు. ఆ రగతం ఎవుల్దని అడిగినావేటి?"

మావయ్య పుంజు తాడు చేతికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"నివ్వు మర్సిపోనావు," అంది త్రినాథ్ వైపు తిరిగి. "సరే. నాట్లకి ఎవులు ఏ రోజు రావాలో మర్సిపోనావేటి? పుంజుకి రోజుకెన్ని సుక్కలో మర్సిపోనావేటి? అన్నీ గుర్తున్నాయి. నాకు పనికొచ్చే ఒక్క మాటే మర్సిపోనావు."

త్రినాథ్ ఏడ్చాడు. ఏడవనీ అనుకున్నాను. నా గుండెలోంచి బరువేదో దిగుతున్నట్టుంది, నెలరోజుల నుంచి నేను ఎదురుచూసింది ఇదే. అనాల్సినవాళ్ళని అంటోంది అత్త. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది.

"నివ్వేటి నవ్వుతన్నావు?"

నేను నవ్వుతున్నానని నాకు తెలియదు.

"వారం రోజులై ఇంట్లో అందరి మీదా అరస్తన్నావు. ఆయన సెప్పినాడు, ఈడు మర్సిపోనాడు. సీసా ఎవుల సేతిలో ఉన్నాది? సదువుకున్నదానివి గదే. పద్నాలుగు రోజులు పట్టుకున్నావు. ఒక్కపాలి తిప్పి సూసినావేటి, దాని మీద ఏటి రాసున్నాదో?"

చూడలేదు. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు ఉన్నాయని తెలుసు. చదవడం వచ్చు. చదవలేదు. కోళ్ళకి నయం చేసినదాన్ని కదా, నాకేం తెలియదని చదవాలి?

"నిన్ను నమ్మినాను," అంది అత్త. "ఆలిద్దర్నీ ఎప్పుడూ నమ్మనేదు. అందుకే ఆల మీద కోపం అంత నేదు."

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత మూడు రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ అరవలేదు. అరవడానికి నోరు తెరిస్తే ఆ మాట అడ్డం వచ్చేది.

తీర్పు చెప్పడానికొచ్చిన పెద్దమ్మ ఏ తీర్పూ చెప్పలేదు. వెళ్ళనూ లేదు. మావయ్యకి ఆ మూడు రోజులూ తనే ఇంత ఉడకేసి పెట్టింది. ఆదివారం పొద్దున కుళాయి దగ్గర నేను గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన చతికిలబడింది. కాసేపు బూడిద చేత్తో నలిపింది.

"ఇదిగో పిల్లా. ఆ ఇజీనారం ఆసుపత్రిలో ముసిలోల్లకి కూడా సూస్తారేటి?"

"ఎవరికి పెద్దమ్మా?"

"నాకే. కుడికన్ను మసకేసినాది. దీపం సుట్టూ రంగులు అగుపడతన్నాయి."

గిన్నె కింద పెట్టేశాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేల్లవుతాది."

"రెండేళ్ళా! ఎవరికీ చెప్పలేదా?"

"ఎవులికి సెప్పాల?" అంది పెద్దమ్మ. నన్ను అడిగినట్టు లేదు. నిజంగానే ఆలోచించుకుంటున్నట్టుంది.

సోమవారం అత్తకి ఎలాగూ ఆసుపత్రిలో చూపించాల్సిన రోజు. ముగ్గురం తయారయ్యాం. త్రినాథ్ బండి తాళాలు పట్టుకుని నిలబడ్డాడు, బస్సుదాకా దింపుతానని. "నడుస్తాం," అంది అత్త. మావయ్య అరుగు మీద నుంచి లేచాడు.

"ముగ్గురూ ఎలిపోతే మరి ఒంట?"

అత్త ఆగలేదు, నేనూ ఆగలేదు. పెద్దమ్మే నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరక్కుండా అంది, "కట్టెలు పొయ్యి కాడే ఉన్నాయిరా సూరీ. తడిసినవి కావు."

బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. కిటికీ పక్కన పెద్దమ్మ కూర్చుంది. మధ్యలో అత్త. నేను వెనక సీటులోకి వెళ్ళబోయాను. మూడు రోజులుగా అలవాటైపోయింది, ఆమెకి కనబడనంత దూరంలో ఉండడం.

"ఎక్కడికే?" అంది అత్త. ఎదురుగా చూస్తూనే, ఎడమపక్క ఖాళీని అరచేత్తో తట్టింది. "ఇటు కూకో. ఇటేపు నాకు అగుపడదు. ఎవులైనా మీద పడతారు."

కూర్చున్నాను. బస్సు కోట వైపు మలుపు తిరిగినప్పుడు ఎవరిదో బియ్యం సంచి మా వైపు ఒరిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.